క్యాడిలాక్ అంటే అమెరికన్లకు ఎందుకంత మోజు?

మీరడిగినవి రెండు విషయాలు. క్యాడిలాక్ అనే లగ్జరీ కారు పేరు వింటే అమెరికన్లు, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లు, అంతగా ఎందుకు మురిసిపోతారన్నది మొదటిది. ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్లు కాస్త నిలదొక్కుకోగానే లెక్సస్, బెంజ్, టెస్లా అంటారు గానీ దీని జోలికి ఎందుకు పోరన్నది రెండోది. నేను చాలా ఏళ్లుగా డెట్రాయిట్ శివార్లలో ఉంటున్నాను. కార్ల కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే ఒక సంస్థలో, క్వాలిటీ విభాగంలో ఉద్యోగం. ఇంట్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న క్యాడిలాక్ సీటీఎస్ ఉంది. అందుకని కాస్త పక్షపాతం తప్పదు, ముందే చెప్పేస్తున్నాను.

రెండోదానికి జవాబు చిన్నదే, తర్వాత చెబుతాను. మొదటిదానికి 1902 దాకా వెనక్కి వెళ్లాలి.

హెన్రీ ఫోర్డ్ తన పేరుతోనే ఉన్న కంపెనీ నుంచి భాగస్వాములతో పడక బయటికి వచ్చేశాడన్న సంగతి చాలామందికి తెలియదు. మనకు తెలిసిన ఫోర్డ్ మోటార్ కంపెనీ ఆ తర్వాత పెట్టింది. ఆయన పోయాక, పెట్టుబడి పెట్టిన విలియం మర్ఫీ, లెమ్యుయెల్ బోవెన్ దుకాణం మూసేసి యంత్రాలు అమ్ముకుందామనుకున్నారు. వాటికి ధర కట్టమని హెన్రీ లీలండ్‌ను పిలిచారు. లీలండ్ అప్పటికే అరవైకి దగ్గరపడ్డ మనిషి. తుపాకుల కర్మాగారాల్లో, బ్రౌన్ అండ్ షార్ప్ అనే కొలత పరికరాల కంపెనీలో పని నేర్చుకుని, డెట్రాయిట్‌లో సొంత మెషిన్ షాపు నడుపుతున్నాడు. ఆయన ధర కట్టి ఊరుకోకుండా, మూసేయడమెందుకు, నా దగ్గరున్న సింగిల్ సిలిండర్ ఇంజినుతో కారు చేయండని వాళ్లను ఒప్పించాడు. అలా ఫోర్డ్ వదిలేసిన కంపెనీయే క్యాడిలాక్ అయింది.

పేరు మాత్రం 1701లో డెట్రాయిట్‌ను స్థాపించిన ఫ్రెంచివాడు ఆంత్వాన్ ద లా మోత్ క్యాడిలాక్‌ది. ఈయన కథ నాకు భలే ఇష్టం. పుట్టింది లోమె అనే మామూలు ఇంటిపేరుతో. అట్లాంటిక్ దాటి ఇటు వచ్చాక తనకు తనే ఒక ప్రభువు బిరుదు తగిలించుకుని, దానికి తగ్గ వంశచిహ్నం కూడా కల్పించుకున్నాడు. క్యాడిలాక్ కార్ల ముందు మెరిసే డాలు ఆ చిహ్నం నుంచి వచ్చిందే. వంశం లేనివాడు తన వంశాన్ని తనే తయారుచేసుకున్నాడన్నమాట. ఈ కారు ఎవరికి, ఎందుకు నచ్చిందో తెలియాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

లీలండ్ గొప్పతనం మా వృత్తిలో ఉన్నవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఆ రోజుల్లో కారంటే ప్రతిదీ దేనికదే. ఒక కారు పిస్టన్ ఇంకో కారులో పట్టదు. ఫిట్టరు కూర్చుని ఆకురాయితో రాకి, సరిపోయేదాకా సరిచేయాలి. తుపాకుల ఫ్యాక్టరీలో పనిచేసిన లీలండ్‌కు ఆ పద్ధతి గిట్టదు. ఏ భాగమైనా ఏ బండిలోనైనా పట్టాలి, అంతే. నేటికీ మా ల్యాబులో గేజ్ బ్లాకులు, అంటే కొలతకు ప్రమాణంగా వాడే ఉక్కు దిమ్మలు, పెట్టెలో భద్రంగా దాచి వాడతాం. స్వీడన్‌కు చెందిన జొహాన్సన్ కనిపెట్టిన ఆ దిమ్మలను అమెరికాలో తొలినాళ్లలోనే తెప్పించుకున్నవాళ్లలో లీలండ్ ఒకడు.

ఈ పట్టుదల 1908లో లోకానికి తెలిసొచ్చింది. ఇంగ్లండులో రాయల్ ఆటోమొబైల్ క్లబ్ వాళ్లు లండన్ స్టాకులోంచి మూడు క్యాడిలాక్‌లు ఎంచుకుని బ్రూక్‌లాండ్స్ ట్రాకుకు తీసుకెళ్లారు. మూడింటినీ నట్టు నట్టుగా విప్పించి, భాగాలన్నీ ఒకే కుప్పలో కలిపేశారు. అది చాలదన్నట్టు కొన్ని భాగాలు పక్కన పెట్టేసి, వాటి బదులు ఏజెంటు స్టాకులోని స్పేర్లు వేశారు. ఇక బిగించండి అన్నారు. మెకానిక్కుల చేతిలో స్పానర్లు, స్క్రూడ్రైవర్లు తప్ప ఆకురాయి లేదు. మళ్లీ మూడు కార్లు లేచి నిలబడ్డాయి, స్టార్టయ్యాయి, ఒక్కొక్కటీ 500 మైళ్లు తిరిగాయి. దానికి డ్యూవర్ ట్రోఫీ ఇచ్చారు. ఒక అమెరికన్ కారుకు ఆ ట్రోఫీ రావడం అదే మొదలు. ‘ప్రపంచానికే ప్రమాణం’ అని క్యాడిలాక్ చాలాకాలం చెప్పుకున్న నినాదం వెనక ఉన్నది ఇదే. ఈ రోజుల్లో ప్రకటనల వాళ్లు ఆ మాట అంటే నవ్వుకుంటాం గానీ, ఆనాడు అది నిజంగా సంపాదించుకున్న మాట.

మరుసటి ఏడాదే, 1909లో, జనరల్ మోటార్స్ దీన్ని కొనేసింది. లీలండ్ మాత్రం కొనసాగాడు. 1912 మోడల్‌తో వచ్చిన సెల్ఫ్ స్టార్టర్ ఆయన హయాంలోదే. అంతకుముందు కారు ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. అది ఎదురు తన్నిందంటే చెయ్యి విరగడం మామూలే. బైరన్ కార్టర్ అనే ఆయన అలా దెబ్బతిని చనిపోవడంతో లీలండ్ కదిలిపోయాడని చెబుతారు. చార్లెస్ కెటరింగ్ అనే ఇంజినీరు బృందం ఎలక్ట్రిక్ స్టార్టర్ చేసిచ్చింది, క్యాడిలాక్‌కు రెండో డ్యూవర్ ట్రోఫీ వచ్చింది. ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో డ్రైవింగ్ మొదలుపెట్టడానికి ఈ చిన్న మోటారు ఎంత సాయం చేసిందో ఎంత చెప్పినా తక్కువే. 1915 మోడల్‌కు వీ8, అంటే V ఆకారంలో ఎనిమిది సిలిండర్లు అమర్చిన ఇంజిను వచ్చింది. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధానికి విమానాల ఇంజిన్లు చేసే విషయంలో జనరల్ మోటార్స్‌తో పడక, లీలండ్ బయటికొచ్చి ఇంకో కంపెనీ పెట్టాడు. దానిపేరు లింకన్! అది నష్టపోతే 1922లో కొన్నది ఎవరు? హెన్రీ ఫోర్డ్. పాత బాకీ తీరినట్టుంది. అంటే అమెరికా రెండు పెద్ద లగ్జరీ బ్రాండ్లకూ మూలపురుషుడు ఒక్కడే.

ఆ తర్వాత 1930లో 16 సిలిండర్ల ఇంజినుతో ఒక మోడల్ తెచ్చారు. ఇంజినే ఒక నగలా ఉంటుంది, వైర్లు, పైపులు కంటికి కనపడకుండా దాచేశారు. కానీ అప్పటికే ఆర్థిక మాంద్యం మొదలైంది. పదేళ్లకు పైగా అమ్మినా దాదాపు 4 వేలే పోయాయి, అందులోనూ ఎక్కువ భాగం మొదటి ఏడాదివే.

ఇక్కడ మీ ప్రశ్నకు అసలు జవాబు మొదలవుతుంది. మాంద్యంలో అమ్మకాలు పడిపోయి, క్యాడిలాక్‌ను మూసేద్దామా అన్నంతదాకా వచ్చింది. జర్మనీ నుంచి వచ్చిన నికొలస్ డ్రైస్టాట్ అప్పుడు సర్వీస్ విభాగం చూస్తున్నాడు. సర్వీసుకొచ్చే కార్లలో చాలావాటి యజమానులు నల్లజాతివాళ్లని ఆయన గమనించాడు. విచిత్రమేమిటంటే అప్పటి కంపెనీ విధానం ప్రకారం వాళ్లకు కారు అమ్మకూడదు. బాక్సర్లు, గాయకులు, డాక్టర్లు, వ్యాపారులు, చేతిలో డబ్బున్నా, ఒక తెల్లవాడికి పైకం ఇచ్చి అతని పేరుతో కొనిపించుకునేవాళ్లు. డ్రైస్టాట్ పెద్దల దగ్గరికి వెళ్లి, ఆ డబ్బేదో మధ్యవాడికెందుకు, నేరుగా మనమే అమ్ముదామని వాదించాడని ఆనాటి సంగతులు రాసినవాళ్లు చెబుతారు. విధానం మారింది, అమ్మకాలు లేచాయి, 1934లో డ్రైస్టాటే క్యాడిలాక్‌కు అధిపతి అయ్యాడు. ఆయనది సమానత్వ ఉద్యమమేమీ కాదు, శుద్ధమైన వ్యాపారం. కానీ ఫలితం ఎంతో దూరం వెళ్లింది.

మా పక్కింట్లో రిటైరైన ఒక నల్లజాతి పెద్దాయన ఉండేవారు. నేను కారు కొని తెచ్చినరోజు ఫెన్సు దగ్గరికి వచ్చి చాలాసేపు మాట్లాడారు. వాళ్ల నాన్న డెట్రాయిట్‌లో ఇనుము కరిగించి పోసే ఫౌండ్రీలో పనిచేసేవారట. 1950లలో పాత క్యాడిలాక్ ఒకటి కొన్నారట. ఇల్లు చిన్నదైనా అంత కారెందుకని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్లట. “మంచి పేటలో ఇల్లు కొనాలన్నా మాకు అమ్మేవాళ్లు కాదు, బ్యాంకు అప్పిచ్చేది కాదు. కారు మాత్రం అమ్మారు. అందుకే కారు కొన్నాడు,” అన్నారు ఆయన. దక్షిణాదికి చుట్టాల ఇళ్లకు వెళ్లేటప్పుడు దారిలో హోటళ్లు గది ఇవ్వవు. రాత్రి కారులోనే పడుకోవాలి. దారిలో ఆగిపోకూడదు, లోపల చోటుండాలి. ఇంత లెక్క ఉంది దాని వెనక. బయటినుంచి చూసేవాళ్లకు అది ఆడంబరంలా కనిపిస్తుంది.

రోల్స్ రాయిస్ పుట్టుకతో డబ్బున్నవాడి కారు. క్యాడిలాక్ కింది నుంచి పైకొచ్చినవాడి కారు. నా మటుకు దాని ఆకర్షణ అంతా ఇందులోనే ఉంది. 1955లో గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఇరవై ఏళ్ల కుర్రాడు, అంతకుముందు ట్రక్కు నడిపాడు. డబ్బు చేతికి రాగానే క్యాడిలాక్ ఫ్లీట్‌వుడ్ ఒకటి కొని, గులాబీ రంగు వేయించి, అమ్మకిచ్చాడు. ఆవిడకు డ్రైవింగ్ లైసెన్సే లేదు! ఆ కారు ఇప్పటికీ మెంఫిస్‌లో ఆయన ఇల్లు గ్రేస్‌లాండ్‌లో ఉంది. మనవైపు కొడుకు మొదటి జీతంతో అమ్మకు గాజులు చేయించినట్టే ఇదీనూ.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి పదేళ్లు క్యాడిలాక్‌కు స్వర్ణయుగం. హార్లీ ఎర్ల్ అనే డిజైనర్ యుద్ధకాలంలో తన బృందాన్ని మిషిగన్‌లోని సెల్ఫ్రిడ్జ్ విమానస్థావరానికి తీసుకెళ్లి పీ-38 లైట్నింగ్ యుద్ధవిమానం చూపించాడు. దాని జంట తోకలు కారుకు ఎక్కాయి. 1948 మోడల్‌లో చిన్న ఉబ్బుగా మొదలైన ఆ రెక్కలు ఏటా పెరుగుతూ పెరుగుతూ 1959కి ఆకాశంలోకి లేచిపోయాయి. మధ్యలో రాకెట్ మంటల్లా రెండు ఎర్ర లైట్లు. కారు పొడవు 18 అడుగులు దాటింది. మనూళ్లో అయితే ఆ కారు సందులోకి తిరగదు. అందంగా ఉందా అంటే, నాకైతే 1959 కంటే 1949 నచ్చుతుంది. ఆ ఏడాదే కొత్త ఓవర్‌హెడ్ వాల్వ్ వీ8, అంటే వాల్వులు సిలిండర్ల పైన ఉండే ఇంజిను వచ్చింది, తేలికైనది, బలమైనది. ఎంత గట్టిదంటే 1950లో ఫ్రాన్స్‌లో జరిగిన లె మాన్స్ 24 గంటల రేసులో బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ అనే ధనికుడు దాదాపు షోరూములోంచి తెచ్చినట్టున్న ఒక క్యాడిలాక్‌ను దింపితే అది పదో స్థానంలో నిలిచింది. వింత బాడీ తొడిగించిన రెండోది పదకొండో స్థానంలో వచ్చింది. ఫ్రెంచివాళ్లు దానికి ‘రాక్షసి’ అని పేరు పెట్టారు.

1953లో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు ఊరేగింది ఎల్డొరాడో అనే కొత్త మోడల్‌లో. ఆ ఏడాది చేసినవి 532 మాత్రమే. 1957లో ఎల్డొరాడో బ్రోమ్ అని ఇంకోటి తెచ్చారు. స్టెయిన్‌లెస్ స్టీలు టాపు, ఎయిర్ సస్పెన్షన్, కదలకుండా అయస్కాంతంతో అతుక్కునే గ్లాసులు, అత్తరు సీసా. ధర 13 వేల డాలర్ల పైమాటే. ఆనాటి రోల్స్ కంటే ఎక్కువ. అయినా అమ్మిన ప్రతి కారు మీదా కంపెనీకి నష్టమే.

డెట్రాయిట్‌లో ఉంటే ఇవన్నీ రోడ్డు మీదే చూడొచ్చు. ఆగస్టులో మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూలో డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. మైళ్లకొద్దీ పాత కార్లు. జనం మడత కుర్చీలు వేసుకుని ఫుట్‌పాత్ మీద కూర్చుంటారు. మా పిల్లలకు మొదట్లో బోర్ కొట్టేది, ఇప్పుడు తోక రెక్కల్ని చూసి ఏ ఏడాదిదో చెప్పేస్తారు.

పడిపోయింది ఎలాగో కూడా చెప్పాలి, లేకపోతే కథ సగమే. 1970లలో పెట్రోలు కొరత వచ్చేసరికి క్యాడిలాక్ ఎల్డొరాడోలో 8.2 లీటర్ల ఇంజిను ఉంది. సరిగ్గా అదే సమయంలో బెంజ్, బీఎండబ్ల్యూ చిన్నగా, గట్టిగా, చురుగ్గా ఉండే కార్లు తెచ్చాయి. తొందరలో క్యాడిలాక్ వరసగా తప్పటడుగులు వేసింది. 1981లో అవసరాన్ని బట్టి ఎనిమిదిలో రెండు గానీ నాలుగు గానీ సిలిండర్లు ఆపేసే ఇంజిను పెట్టింది. ఆలోచన మంచిదే, ఈనాడు ఎన్నో కార్లలో ఉంది. కానీ ఆనాటి కంప్యూటరు దానికి చాలలేదు. చాలామంది వైరు పీకించేసి ఎప్పుడూ ఎనిమిదితోనే నడుపుకున్నారు. 1982 మోడల్‌గా సిమరాన్ వచ్చింది. అది జనరల్ మోటార్స్‌దే అయిన చవక కారు షెవర్లే కావలియర్‌కు లెదరు సీట్లు, క్యాడిలాక్ బొమ్మ తగిలించిన కారు. నాలుగు సిలిండర్లు, వంద హార్స్‌పవర్ కూడా లేదు, ధర 12 వేల డాలర్లకు పైగా. ఆకురాయి ముట్టని లీలండ్ కంపెనీ, బొమ్మ మార్చి అమ్ముకునే స్థితికి వచ్చింది. జనం మోసం గ్రహించడానికి ఎంతో సేపు పట్టలేదు.

1987లో అలాంటే అని రెండు సీట్ల కారు చేశారు. బాడీలు ఇటలీలో పినిన్‌ఫరీనా వాళ్లు తయారుచేస్తే, బోయింగ్ 747లో ఒక్కో విడతకు 56 చొప్పున డెట్రాయిట్‌కు ఎగరేసుకొచ్చి ఇంజిన్లు బిగించేవాళ్లు! వినడానికి ఎంత బాగుందో, లెక్కలు చూస్తే అంత భయం. ఆరేడేళ్లకే ఆపేశారు.

1998లో లింకన్, క్యాడిలాక్‌ను అమ్మకాల్లో దాటేసింది. దానికి కారణం నావిగేటర్ అనే భారీ ఎస్‌యూవీ. క్యాడిలాక్ హడావుడిగా తన గూటిలోనే ఉన్న జీఎంసీ యూకాన్‌కు బొమ్మ మార్చి ఎస్కలేడ్ అని దింపింది. అదీ సిమరాన్ పద్ధతే. కానీ ఈసారి కింద ఉన్న బండి పెద్దది, ఇంజిను పెద్దది. 2002 మోడల్‌కు దానికి సొంత ముఖం కూడా వచ్చింది. బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు, ర్యాప్ గాయకులు ఎగబడ్డారు. చూడండి, మళ్లీ అదే వరస. ఆ బ్రాండ్‌ను బతికించింది కింది నుంచి పైకొచ్చినవాళ్లే.

అదే సమయంలో సీటీఎస్ వచ్చింది. జర్మనీలో న్యూర్‌బర్గ్‌రింగ్ ట్రాకు మీద పరీక్షించి, ల్యాన్సింగ్‌లో కట్టిన కారు. 2008లో దాని వేగవంతమైన రూపం సీటీఎస్-వీ ఆ ట్రాకును 8 నిమిషాల లోపే చుట్టేసింది. నాది మామూలు సీటీఎస్, అంత వేగం మనకెందుకు. నాకు నచ్చేది దాని స్టీరింగు. మూల తిరిగేటప్పుడు చక్రం కింద రోడ్డు ఎలా ఉందో చేతికి తెలుస్తుంది. క్యాడిలాక్‌లోనే ఇంకో మోడలైన పాత డివిల్‌లు ఇలా ఉండవు. నేను వచ్చిన కొత్తలో మా ఇంటి ఓనరు తన డివిల్‌లో ఎక్కించుకున్నారు. సోఫాలో కూర్చున్నట్టుంది, గుంతలో పడినా తెలియలేదు. మిషిగన్ రోడ్ల గుంతలు తెలిసినవాళ్లకు అదెంత పెద్ద మాటో అర్థమవుతుంది.

ఈ మధ్య మెచ్చుకోదగ్గది సూపర్ క్రూజ్. 2017లో సీటీ6 సెడాన్‌తో మొదలైంది. ముందే మ్యాప్ చేసిన హైవేల మీద చేతులు తీసేసినా కారు తన లేన్‌లో తనే సాగిపోతుంది. కెమెరా మాత్రం మన కళ్లు రోడ్డు మీదే ఉన్నాయో లేదో చూస్తూ ఉంటుంది. నా స్నేహితుడి కారులో మా నాన్నగారిని తీసుకెళ్తే, ఆయన ఐ-75 మీద దారి పొడుగునా “బాబూ, ఆ చక్రం పట్టుకో నాయనా” అని బతిమాలుతూనే ఉన్నారు. స్టీరింగు మీద ఆకుపచ్చ లైటు వెలిగితే భయం లేదని ఎంత చెప్పినా ఆయన టెన్షన్ తగ్గలేదు. ఇప్పుడు లిరిక్ లాంటి ఎలక్ట్రిక్ కార్లూ వచ్చాయి. ఆర్డరు మీద చేతితో కట్టే సెలెస్టిక్ 3 లక్షల డాలర్ల పైనే. 2026 సీజన్‌తో ఫార్ములా వన్‌లోకి 11వ జట్టుగా అడుగుపెట్టడం కూడా ఆ పాత పేరు తిరిగి తెచ్చుకునే ప్రయత్నమే అనుకుంటున్నాను.

ఇక మీ రెండో ప్రశ్న. మనవాళ్లు కొనకపోవడానికి పెద్ద రహస్యమేమీ లేదు. మనం పెరిగిన ఊళ్లలో పెద్ద కారంటే బెంజే. జనరల్ మోటార్స్ మన దేశంలో షెవర్లేలు అమ్మి, 2017లో అదీ ఆపేసింది. క్యాడిలాక్ షోరూము మనం చూసిందే లేదు. ఇంటికి ఫొటో పంపితే అమ్మానాన్నలకు నక్షత్రం గుర్తు తెలుస్తుంది, ఈ డాలు గుర్తు తెలియదు. ఇక్కడికి వచ్చాక రీసేల్ లెక్క చూసి టొయోటా, హోండా. ఆ నమ్మకంతోనే లెక్సస్. ఈ లెక్కలో తప్పేమీ లేదు. డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, క్యాంటన్‌లలో ఉండే మనవాళ్ల ఇళ్లలో మాత్రం క్యాడిలాక్‌లు కాస్త ఎక్కువ కనిపిస్తాయి. ఉద్యోగులకు, వాళ్ల కుటుంబాలకు తగ్గింపు ధర దొరకడం ఒక కారణం.

మీరు కొనాలనుకుంటే నా సలహా: సెడాన్లు కొత్తవి కొనకండి, రెండు మూడేళ్లు వాడినవి చూడండి. వాటి ధర జర్మన్ కార్లకంటే వేగంగా పడిపోతుంది. మొదటి యజమానికి అది నష్టం, మీకు లాభం. నార్త్‌స్టార్ ఇంజిను ఉన్న 1990ల నాటి కార్లు చవగ్గా దొరుకుతాయి గానీ హెడ్ గాస్కెట్ (ఇంజిను దిమ్మకూ పైమూతకూ మధ్య ఉండే సీలు) సంగతి తెలిసిన మెకానిక్కుకు చూపించకుండా ముట్టుకోకండి. కుటుంబం పెద్దదైతే ఎస్కలేడ్ బాగుంటుంది, పెట్రోలు ఖర్చుకు సిద్ధపడితే. డ్రైవింగ్ సరదా ఉంటే సీటీ5-వీ బ్లాక్‌వింగ్ అనే సెడాన్ ఒక్కసారైనా నడిపి చూడండి. 668 హార్స్‌పవర్, అదీ చేత్తో గేర్లు వేసుకునే ఆరు గేర్ల బండి. ఎలక్ట్రిక్ కార్లకు మళ్లుతున్న ఈ రోజుల్లో అలాంటిది షోరూములో ఇంకెన్నాళ్లు ఉంటుందో చెప్పలేం.